కొసరు లేని తూకం

పొద్దున ఏడయిందంటే నాకు ఇప్పటికీ గుండె దడ. ఒకప్పుడు ఆ వేళకి నేను గోపన్‌పల్లిలో ఒక రేకుల పాకలో మోకాళ్ళ మీద కూర్చుని, మేక వెనక కట్టిన గుడ్డ సంచి విప్పుతూ ఉండేదాన్ని. సంచి చేతికి బరువుగా తగిలితే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఒక రోజు బరువు తగల్లేదు. ఆ రోజు సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. కొందరికి సగం చెప్పాను, అదీ నాకు అనుకూలంగా ఉన్న సగం.

నేను చదివింది పశుపోషణ. పశువైద్యం కాదు. పశువుకి ఏం పెట్టాలో చదివాను గానీ, పశువుకి ఏమైందో కనిపెట్టడం చదవలేదు. ఈ తేడా మా ఇంట్లోవాళ్ళకి ఎన్నడూ ఎక్కలేదు. ఊళ్ళో అందరికీ మా అమ్మాయి పశువుల డాక్టరని చెప్పుకునేవారు, నేనూ దిద్దేదాన్ని కాదు. చదువయ్యాక హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. అద్దాల మేడలో నాలుగో అంతస్తు, పదిమంది పట్టే గది. మా సారు చాలా ఏళ్ళు సాఫ్ట్‌వేర్ చేసి, విసుగొచ్చి, మేకల దాణా తయారుచేద్దామని దిగిన మనిషి. మంచివాడే. కాకపోతే ఆయన మేకని దగ్గరగా చూసింది బిర్యానీలోనే అని వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఆయన ఆలోచన మాత్రం నవ్వాల్సింది కాదు. ఈ ఐటీ దారి పొడుగునా జ్యూస్ బండ్లు. ఒక్కో బండి దగ్గర మధ్యాహ్నానికి బత్తాయి తొక్కలు గోనెసంచులకి నిండుతాయి, సాయంత్రం చెత్తబండిలో పోతాయి. అవి ఎండబెట్టి పొడి చేసి, పప్పు మిల్లుల్లో మిగిలే కందిపొట్టు, రైసు మిల్లు తవుడు, పత్తిగింజల చెక్కతో కలిపితే మంచి దాణా అవుతుందని ఆయన నమ్మకం.

"మేకలు తింటాయని అందరికీ తెలుసండి" అన్నాడు నాతో. "తిన్నదాంట్లో ఎంత ఒంటికి పడుతుందో మనకి ఒక నంబరు కావాలి. ఆ నంబరు లేకపోతే మనల్ని ఎవరూ పట్టించుకోరు."

ఆ నంబరు పట్టుకొచ్చే పని నాది.

పని చెప్పుకోవడానికి తేలిక. మేకకి పెట్టిన దాణా తూచాలి. మర్నాడు అది వదిలేసిన దాణా తూచాలి. అది వేసిన పెంటికలన్నీ ఒక్కటి కూడా కింద పడకుండా పట్టి, తూచి, అందులో కొంత ఎండబెట్టి మళ్ళీ తూచాలి. లోపలికి పోయిందాంట్లోంచి బయటికొచ్చింది తీసేస్తే మిగిలింది ఒంటికి పట్టినట్టు. మూడు వారాలు కొత్త తిండి అలవాటు చేసి, ఆ తరవాత వారం రోజులు ఇలా పట్టాలి. ఆ వారంలో ఒక్క రోజు చెడినా మూడు వారాల నుంచి మళ్ళీ మొదలు.

మేకలు కంపెనీకి లేవు. వెతగ్గా వెతగ్గా గోపన్‌పల్లిలో ఒక అవ్వ దొరికింది. ఒకప్పుడు ఆమెకి పెద్ద మంద ఉండేదట. మేపే గుట్టలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాక ఆరు మేకపోతులు మిగిలాయి. రెండు మేడల మధ్య ఇంకా కట్టడం మొదలుకాని ప్లాటులో రేకుల పాక వేసుకుని, వాటితోపాటు తనూ ఉండేది. కోడలు ఒక కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పనికి వెళ్ళేది. పగలు అవ్వ ఎదురుగా అపార్ట్‌మెంటు గేటు దగ్గర గోనెపట్టా పరుచుకుని కూరగాయలు అమ్మేది. నలభై రోజులు తన పోతులు తనదగ్గరే ఉంటాయి, తిండి మాత్రం నేను పెడతాను అంటే సంతోషంగా ఒప్పుకుంది.

అవ్వ చేతి తూకం చూసి తీరాలి. బెండకాయలు అర కిలో అంటే తక్కెడ ఒక పక్కకి పూర్తిగా వాలేదాకా వేసేది. వాలాక ఇంకో గుప్పెడు. సంచిలో పోశాక నాలుగు పచ్చిమిరపకాయలు, ఇంత కరివేపాకు. ఎవరూ అడగక్కర్లేదు. "ఇట్లయితే నీకేం మిగులుతుందవ్వా?" అంటే నవ్వేది.

"తూకం కొట్టి ఇస్తే చేతిల బరకతుండదు బిడ్డ. కొసరు పెట్టంది బేరమే కాదు."

అప్పుడు నాకది ముచ్చటగా అనిపించింది. నా పనికి అదే ఎసరు పెడుతుందని తట్టలేదు.

పోతుల మెడలకి నంబర్ల బిళ్ళలు కట్టాను. ఒకటి, మూడు, అయిదు మామూలు దాణా తినేవి. రెండు, నాలుగు, ఆరు బత్తాయి తొక్క కలిపిన దాణా తినేవి. నాలుగో నంబరు పోతు అవ్వకి ప్రాణం. దాని తల్లి ఈనుతూనే చచ్చిపోతే, సీసాతో పాలు పట్టి, చలికి తన చీరకొంగులో చుట్టుకుని పెంచిందట. అది నల్లగా, దిట్టంగా, పొగరుగా ఉండేది. అవ్వ గొంతు వినబడితే తలతో తడిక నెట్టేది. మిగతావాటిని మేకలే అనేది గానీ దాన్ని మాత్రం "నా బిడ్డ" అనేది.

సంచులు కట్టిన రోజు అవ్వ గడప మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"గవేం పాపం జేసినయని గిట్ల సంచులు కట్టినవ్? మనుషులక్కూడ గింత సోకు లేదు."

నేను నవ్వి, ఎందుకో చెప్పాను. ఎంత అర్థమైందో నాకు తెలియదు. పెంటికలు తక్కువైతే నేను నష్టపోతానని మాత్రం అర్థం చేసుకుంది. ఆ సంగతి ఎలా బయటపడిందో చెబుతాను.

మూడు వారాలు బాగానే జరిగాయి. పెంటికలు పట్టే వారం వచ్చింది. రెండో రోజు పొద్దున కొంచెం ముందే పాకకి చేరాను. అవ్వ మూడో నంబరు సంచి మూతి తెరిచి, సంచులు కట్టకముందు ఊడ్చిన కుప్పలోంచి గుప్పెడు పెంటికలు తీసి అందులో వేస్తోంది. తరవాత అయిదో నంబరు సంచిలో. మొక్కలకి నీళ్ళు పోస్తున్నంత నిదానంగా.

"ఏం చేస్తున్నావ్?" అన్నాను.

"నీ కష్టం తక్కువ పడొద్దని బిడ్డ. జర కొసరు."

ఇక్కడ నా నోటి గురించి చెప్పుకోవాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు చిన్నప్పటినుంచీ మంచిది కాదు. కోపం వస్తే ఎదుట ఉన్నది ఎవరో చూడను. ఆ రోజు ఆ ముసలామెని ఎన్ని మాటలన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. తెలివిలేని మనిషివన్నాను. నెలరోజుల పని బూడిదలో పోశావన్నాను. ఇంకోసారి నా తూకంలో చెయ్యి పెడితే పోతుల్నీ నిన్నూ వదిలి పోతాను, ఇంకెవరినైనా చూసుకుంటాను అన్నాను. ఎదురు మేడ బాల్కనీలో బట్టలారేస్తున్న ఆవిడ ఆగి కిందికి చూసింది.

అవ్వ చేతిలో పెంటికలు కుప్పలో పడేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"తప్పయింది మేడం" అంది.

అంతవరకు నేను బిడ్డని. ఆ పూట నుంచి మేడంనయ్యాను. నాకది కొంచెం హాయిగానే అనిపించింది కూడా, ఇప్పుడైనా మాట వింటుందని. ఎక్కడెక్కడ కొసరు పెడుతోందో అడగాలన్న తెలివి మాత్రం నాకు రాలేదు. మొదటి రోజు నుంచే ఇలా చేసిందా అని కూడా అడగలేదు. జవాబు వినడానికి భయమేసింది, వింటే మళ్ళీ మూడు వారాల నుంచి మొదలుపెట్టాలి.

మూడో రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. మామూలు వాన కాదు. ఖాజాగూడ దగ్గర రోడ్డు చెరువైంది, కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పెద్ద కంపెనీలన్నీ ఇళ్ళ నుంచే పని చేసుకోమని కబురు పెట్టాయి. నేను ఆఫీసు నుంచి పుప్పాలగూడలో నేనుండే గదికి చేరేసరికి సాయంత్రమైంది. తడిసిన బట్టలతోనే డాబా మీదికి పరుగెత్తాను.

అక్కడ నా తొక్కలున్నాయి. దాణా ముందే కలిపి పెట్టుకోవాల్సింది, లెక్క తప్పి ఒక బస్తా తక్కువ పడింది. చివరి నాలుగు రోజులకి సరిపడా తొక్కలు డాబా మీద ఆరబోసి, పైన పట్టా కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. గాలికి పట్టా ఎగిరిపోయి నీళ్ళ ట్యాంకుకి చుట్టుకుంది. కింద తొక్కలు నీళ్ళలో తేలుతున్నాయి.

గదిలోకి తెచ్చి, నేలంతా పరిచి, రాత్రంతా ఫ్యాను వేశాను. పొద్దునకి పైకి ఆరినట్టే ఉన్నాయి. చేత్తో కలిపితే అడుగునుంచి వాసన వచ్చింది. తడి గోడ వాసన. కొన్ని తొక్కల లోపలి వైపు బూడిదరంగు నూగు. రెండు మూడు నల్లగా.

బూజు పట్టిన మేత పెట్టకూడదని పుస్తకం చదివిన నాకే కాదు, అవ్వకీ తెలుసు, ఏ కాపరికైనా తెలుసు. పారేస్తే ఇంక దాణా లేదు. మళ్ళీ బండ్ల వెంట తిరగడం, మళ్ళీ ఎండబెట్టడం, మళ్ళీ మూడు వారాలు. సారు ఆ నంబరు కోసం ఎవరెవరికో మాట ఇచ్చేశాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆ తొక్కల మధ్య కూర్చున్నాను. చివరికి బూజు కనిపించినవన్నీ ఏరి పారేశాను. మిగతావి పెనం మీద కాస్త వేడి చేసి, పొడి చేసి, కలిపాను. కనిపించే బూజు తీసేస్తే విషం పోదని నాకు తెలుసు. చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

నాలుగో రోజు పొద్దున అదే దాణా పెట్టాను. రెండు, నాలుగు, ఆరు. తొట్లలో పోస్తుంటే నా చేతులు వణికాయి. అవ్వ చూసింది.

"సలి పెట్టిందా మేడం? చాయ్ తెస్త ఆగు."

ఆ రోజంతా ఆఫీసులో ఫోను మోగినప్పుడల్లా పాక నుంచేమో అనుకున్నాను. వాన ఆగలేదు.

అయిదో రోజు పొద్దున ఆరో నంబరు బాగానే ఉంది. రెండో నంబరు తొట్టిలో సగం దాణా అలాగే ఉంది. ఎప్పుడూ తొట్టి నాకే జంతువు అది. తల దించుకుని నిలబడి ఉంది. వదిలిన దాణా తూచి, పుస్తకంలో అంకె వేశాను. పక్కన కారణం రాసే గడి ఉంది. అది ఖాళీగా వదిలాను.

నాలుగో నంబరు తొట్టి మాత్రం కడిగినట్టుంది. పొట్ట గుండ్రంగా ఉంది. సంచి కొంచెం తేలిగ్గా అనిపించింది గానీ, వానకి సరిగా నీళ్ళు తాగలేదేమో అనుకున్నాను. ఇది బాగా తింటోంది కదా, తొక్కలో ఏమీ లేదు అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. వాపు చూసి బలుపనుకోవడమంటే అదే.

సాయంత్రానికి రెండో నంబరు మళ్ళీ మేత ముట్టింది. గండం గడిచిందనుకుని, ఆ రోజు మా అమ్మకి ఫోన్ చేసి అనవసరంగా చాలాసేపు మాట్లాడాను.

ఆరో రోజు పొద్దున ఏడింటికి నాలుగో నంబరు సంచి విప్పితే అందులో ఏడెనిమిది పెంటికలున్నాయి.

అది నాలుగు కాళ్ళూ దగ్గరకి పెట్టి, వీపు వంచి నిలబడింది. ఎడమ డొక్క ఉబ్బి ఉంది. పళ్ళు కొరుకుతోంది, ఆ చప్పుడు వింటే నా ఒళ్ళు జలదరించింది. అవ్వ గొంతు విని కూడా తల ఎత్తలేదు. ఆ పూట దాణా పోస్తే ముట్టలేదు.

ఆ భయంలో నేను చేసిన మొదటి పని వినండి. పుస్తకం తీసి లెక్క వేశాను. చేతులు అలవాటుపడి ఉన్నాయి. ముందురోజు తిన్నదాంట్లోంచి ఈ ఏడెనిమిది పెంటికలు తీసేస్తే, నూటికి అరవై చుట్టూ తిరగాల్సిన అంకె తొంభై దాటింది. అంత మంచి నంబరు ఏ దాణాకీ రాదు. అదే సమయానికి సారు ఫోన్ చేశాడు, ఎలా వస్తోందండీ అని. చాలా ఎక్కువ వస్తోంది సార్ అన్నాను. ఆయన సంతోషించాడు. ఆ ఫోను పెట్టేశాకే పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను.

పశువుల డాక్టరు తొమ్మిదింటికి వచ్చాడు. నడివయసు మనిషి, మోటారు సైకిలు, వాన కోటు. పోతు ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి ఊపాడు. నిండు కుండ కదిపినట్టు లోపల నీళ్ళ చప్పుడు.

"ఏం పెడ్తున్నరు?"

నేను పుస్తకం చూసి చెప్పాను. కందిపొట్టు ఇంత, తవుడు ఇంత, చెక్క ఇంత, తొక్క పొడి ఇంత, జొన్న చొప్ప ఇంత.

"ఈ రెండు మూడు రోజులల్ల తేడా ఏమన్న అయిందా? తొక్కకు బూజు గిట్ల పట్టిందా? వానలు గదా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా సంచి మీదికి వెళ్ళింది. మిగిలిన దాణా అందులోనే ఉంది.

"లేదండి. బాగా ఎండినవే" అన్నాను.

ఆయన అవ్వవైపు తిరిగాడు. "అన్నం, నూకలు, అట్లాంటియి తిన్నదా అవ్వ? ఎక్కడన్న కుండల మూతి పెట్టిందా?"

అవ్వ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. ఒక్క క్షణమే. ఆ చూపులో భయం ఉంది. నేను అది పోతు కోసం అనుకున్నాను.

"లేదు సారు" అంది.

ఏం తిన్నదో తెలిస్తే మందు వేరే ఉంటుంది అని ఆయన మళ్ళీ అన్నాడు. నేను పుస్తకం మూశాను, అవ్వ పోతు వైపు తిరిగింది. ఉత్త ఉబ్బరమేమో చూద్దామని నూనె పట్టించి, ఒక సూది వేసి, మధ్యాహ్నానికి తగ్గకపోతే ఫోన్ చేయమని వెళ్ళిపోయాడు. ఆయన బండి చప్పుడు దూరమవుతుంటే వెనక్కి పిలవాలని ఉంది. నోరు తెరిచాను కూడా. తెరిచి మూశాను.

వాన సన్నగా పడుతూనే ఉంది. పక్క ప్లాటులో జేసీబీ పునాది తవ్వుతోంది. ఆఫీసుకి వెళ్ళకుండా పాకలోనే కూర్చున్నాను. అవ్వ పోతు మెడ నిమురుతూ కూర్చుంది. అది నిలబడలేక పడుకుంది. కాసేపటికి తల పక్కకి తిప్పి పొట్ట మీద ఆనించుకుంది. కళ్ళు లోపలికి పోయాయి. నేను ప్రతి నిమిషం దాని ఊపిరి చూస్తున్నాను. చస్తే నా వల్లే, అవ్వకి తెలిస్తే, డాక్టరుకి తెలిస్తే, సారుకి తెలిస్తే. పోతుకి ఎలా ఉందో అన్న ఆలోచన వీటన్నిటి తరవాత వచ్చేది. ఇది రాయకపోతే మిగతాదంతా అబద్ధమే అవుతుంది.

పన్నెండు దాటాక అవ్వ ఉన్నట్టుండి నా కాళ్ళ దగ్గరికి జరిగింది.

"మేడం, కోపం జేయకు. నీకు ఒక మాట జెప్తలేను. భయమైతున్నది."

"ఏంటవ్వా?"

"అన్నం పెట్టిన."

నాకు అర్థం కాలేదు.

"వానకు కంపెనీలల్ల ఎవ్వలు రాలే. క్యాంటీన్ల వండినన్నం గట్లనే మిగిలింది. నా కోడలు బకెట్లు నింపుకొచ్చింది. నువ్వు తూకం జేసి, గీసి గీసి పెడ్తవ్. నా బిడ్డ తొట్టి నాకి నా మొకం సూస్తడు. కొసరు లేకుంట ఎట్ల పెట్టుడు? రోజు ఒక గుప్పెడు పెడుతుంటి. మొన్న, నిన్న మాపటికి బుట్టెడు పెట్టిన. సంబురంగ తిన్నడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "డాక్టరు అడిగినప్పుడే జెప్పాల్సి ఉండె. నువ్వు ఒదిలిపెట్టి పోతనంటివి గదా. భయపడ్డ."

అప్పుడు నాకు కలిగింది కోపం కాదు, జాలి కాదు. బరువు దిగింది. నేను కాదు, తొక్క కాదు, అన్నం. అంతే అనుకున్నాను. ఏడుస్తున్న ముసలామె ముందు కూర్చుని నేను హాయిగా గాలి పీల్చుకున్నాను.

వెంటనే డాక్టరుకి ఫోన్ చేశాను. ఆ మాట చెప్పడానికి నాకు ఏ భయమూ వేయలేదు. నీళ్ళలో మునిగిన రోడ్లు దాటుకుని ఆయన వచ్చేసరికి రెండు గంటలైంది. వంటసోడా కలిపిన నీళ్ళు పట్టాడు, మెడ దగ్గర సెలైను ఎక్కించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది.

"పొట్టంత పులిసిపోయింది. పొద్దున జెప్తే ఇదే మందు పొద్దున పడుతుండె" అన్నాడు. అవ్వని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాతో మాత్రం, "దాణాల ఇంకేం లేదు గదా?" అని మళ్ళీ అడిగాడు.

"లేదండి."

ఆ అబద్ధం అది రెండోసారి.

నాలుగు కొట్టేసరికి పోతు చచ్చిపోయింది. తల అవ్వ ఒళ్ళో ఉంది. కాళ్ళు రెండుసార్లు కొట్టుకుంది, అంతే. అవ్వ గట్టిగా ఏడవలేదు. దాని మెడలో నంబరు బిళ్ళ విప్పి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది.

"నా బిడ్డను నేనే సంపుకున్న" అంది. తరవాత నా మొహం చూసి, "నీ కష్టం కూడ ఖరాబు జేసిన. మాఫ్ చెయ్ బిడ్డ" అంది.

నాలుగు రోజుల తరవాత మళ్ళీ బిడ్డ అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "పోనీలే అవ్వా, తెలియక చేశావు" అన్నాను. ఎంత దయగా అన్నానో. క్షమించే హక్కు నాకే ఉన్నట్టు.

జేసీబీ నడిపే అతను అడగకుండానే వచ్చి పాక వెనక గుంట తీశాడు. అతని బండికి అది రెండు నిమిషాల పని. అవ్వ సీసాతో పాలు పట్టినప్పటి పాత తువ్వాలు ఒకటి తెచ్చి పోతు మీద కప్పింది. మట్టి పోశాక రెండో నంబరు పోతు తడిక దగ్గరికి వచ్చి అరిచింది.

రెండో నంబరుకి ఎవరూ అన్నం పెట్టలేదు. ఆ సంగతి అవ్వనే అడిగి నిర్ధారించుకున్నాను, మాటల్లో మాటగా. "లేదు, వానికొక్కనికే" అంది. మరి రెండో నంబరు ఆ రోజు సగం దాణా ఎందుకు వదిలింది? ఆ అంకె నా ఒక్క పుస్తకంలోనే ఉంది. పక్కన గడి ఇప్పటికీ ఖాళీ. బూజే చంపిందో, అన్నమే చంపిందో, బూజుతో పాడైన పొట్ట మీద అన్నం పడి చంపిందో, నాకు తెలియదు. తెలుసుకునే దారి మాత్రం ఉండేది. ఏ రోజు దాణా ఆ రోజు గుప్పెడు కవర్లో వేసి, తేదీ రాసి దాచడం పద్ధతి. నాలుగో రోజు కవరు ఆఫీసు ఫ్రిజ్‌లో ఉండేది. పరీక్షకి పంపితే వారంలో తేలిపోయేది. మూడు నెలలు అది చూస్తూనే నా టిఫిన్ డబ్బా దాని పక్కన పెట్టుకున్నాను. ఉద్యోగం మానేసిన రోజు దాన్ని చెత్తబుట్టలో వేసి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

సారుకి చెప్తే, "అయ్యో పాపం. ఐదిటితో నంబరు వస్తుందా అండి?" అన్నాడు. వచ్చింది. ఒక జంతువును అనారోగ్యం వల్ల తొలగించామని నివేదికలో ఒక వాక్యం రాశాను. మేకల యజమాని మా అనుమతి లేకుండా వేరే ఆహారం పెట్టడం వల్ల అని ఇంకో వాక్యం కలిపాను. ఆ రెండో వాక్యం ఎవరూ అడగలేదు.

వెళ్ళిపోయేముందు నా తూకం యంత్రం, అంకెలు వెలిగేది, అవ్వకి ఇచ్చేశాను. ఇచ్చి ఏదో తీర్చుకున్నాననుకున్నాను. అంకెలు చదవడం రాకపోయినా, పావు కిలో, అర కిలో, కిలో ఎలా కనబడతాయో నేర్పాను.

ఇప్పుడు వేరే ఉద్యోగం. మేకలతో పని లేదు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఏడింటికి మెలకువ వచ్చి, దడ తగ్గక, ఇవాళ చెప్పేస్తానని లేచాను. పుప్పాలగూడ నుంచి గోపన్‌పల్లి దాకా స్కూటర్ మీద ఆ మాటలే అనుకుంటూ వెళ్ళాను. అవ్వా, ఆ తొక్కలు తడిశాయి. అవ్వా, బూజు పట్టిందని నాకు తెలుసు. అవ్వా, నీ ఒక్కదాని తప్పు కాదు.

పాక లేదు. ప్లాటులో స్తంభాలు లేచాయి. గుంట ఎక్కడుండేదో గుర్తు పట్టలేకపోయాను. అవ్వ మాత్రం అదే గేటు దగ్గర, అదే గోనెపట్టా మీద కూర్చుని ఉంది. నన్ను చూసి మొహం విప్పారింది. ఎట్లున్నవ్ బిడ్డ, బక్కగైనవ్ అంది. మేకల గురించి అడిగితే, కట్టేసే జాగ లేక అమ్మేసిన అంది. నేను ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అర కిలో బెండకాయలు అడిగాను.

నేనిచ్చిన తూకం మీద గిన్నె పెట్టి బెండకాయలు వేసింది. అంకె అయిదువందలు దాటింది. ఒక కాయ తీసేసింది. ఇంకా నాలుగు గ్రాములు ఎక్కువ. పెద్ద కాయ తీసి చిన్నది పెట్టింది. కళ్ళు చిట్లించి, అంకె కదలడం ఆగేదాకా చూసింది.

"సరిగ్గ ఉన్నదా బిడ్డ? ఎక్కువ తక్కువ లేకుంట?"

"సరిగ్గా ఉంది అవ్వా."

సంచిలో పోసి నాకిచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను నోరు తెరిచేలోపు నా వెనక ఒకావిడ, అదే మేడలో ఉండే ఆవిడ, వంకాయలు తీసుకుని, "కాస్త కరివేపాకు వెయ్యి అవ్వా, కొసరుగా" అంది.

"వద్దమ్మ. కావాలంటే కొనుక్కో" అంది అవ్వ. కోపంగా కాదు, మామూలుగా. "కొసరు పెట్టే నా బిడ్డ పానం తీసిన. ఇగ ఎవ్వలకు పెట్ట."

ఆవిడకి అర్థం కాక నావైపు చూసింది. నేను తల దించుకుని, బెండకాయల సంచి స్కూటర్‌కి తగిలించి, తాళం తిప్పాను.